ఏలూరు ఫైర్ స్టేషన్ సెంటర్: పేరు వెనక చరిత్ర, మన ఊళ్ల లెక్క



బుట్టాయగూడెం, పోలవరం, జీలుగుమిల్లి, కుక్కునూరు వైపు నుంచి ఏలూరు వచ్చి చదువుకునేవాళ్లలో ఫైర్ స్టేషన్ సెంటర్ తెలియనివాళ్లు ఉండరు. ఆటోవాడికి "ఫైర్ స్టేషన్" అంటే చాలు. సెంటర్లకి మామూలుగా గుడి పేరో, నాయకుడి పేరో, సినిమా హాలు పేరో ఉంటుంది. ఇక్కడ మంటలార్పే ఆఫీసు పేరు నిలిచింది. ఎందుకో ఆలోచిస్తే మన చరిత్ర గురించి కూడా ఒక మాట తెలుస్తుంది.

ఏలూరు మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది. కృష్ణా కాలువ, గోదావరి కాలువ రెండూ ఇక్కడికి చేరతాయి కాబట్టి పడవల మీద సరుకు రవాణా బాగా జరిగేది. తివాచీల నేత ఉంది, జనపనార మిల్లు వచ్చింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు ఏలూరే జిల్లా కేంద్రమైంది. ధాన్యం, గోనె, ఉన్ని, పక్కనే తాటాకిళ్లు. ఒక్క నిప్పురవ్వ చాలు.

అప్పట్లో మనది మద్రాసు ప్రెసిడెన్సీ. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో ఒక రూలుంది: గడ్డి, ఆకులు, చాపల్లాంటి వాటితో ఇంటి కప్పు వెయ్యాలంటే అనుమతి తీసుకోవాలి. రూలు మంచిదే, కానీ పెంకు కొనలేనివాడు ఏం చెయ్యాలి? అంటే భారమంతా ఇంటివాడి మీదే పడింది. ఫైర్ స్టేషన్ వచ్చాక ఆ భారంలో కొంత ప్రభుత్వం మీదకి వెళ్లింది. డబ్బున్నోడిదైనా లేనోడిదైనా, ఇల్లు అంటుకుంటే బండి బయల్దేరాలి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఆంధ్ర, హైదరాబాద్ ఫైర్ సర్వీసులు ఒకటయ్యాయి. 1999లో రాష్ట్రానికి సొంత ఫైర్ సర్వీస్ చట్టం వచ్చింది.

ఇలాంటి బిల్డింగ్ కట్టే తీరులోనే దాని పని కనిపిస్తుంది. బండి ముఖం రోడ్డు వైపు, ఎదురుగా అడ్డం లేకుండా పెద్ద తలుపులు, రాత్రీపగలూ ఫోన్ దగ్గర ఒక మనిషి. బండిలో సుమారు 4,500 లీటర్ల నీళ్లు. అందుకే స్టేషన్ పెద్ద రోడ్డు మీదే ఉంటుంది, చుట్టూ సెంటర్ పెరుగుతుంది, పేరు నిలిచిపోతుంది.

ఇంకో పని కూడా అక్కడ జరుగుతుంది. అదే నాకు ముఖ్యం అనిపించింది. ఫోన్ ఎప్పుడొచ్చింది, బండి ఎప్పుడు వెళ్లింది, ఏం కాలింది, అన్నీ రాసిపెడతారు. ఫైర్ అటెండెన్స్ సర్టిఫికెట్ ఇస్తారు. నష్టపరిహారం అడగాలంటే ఆ కాగితం పనికొస్తుంది. అంటే పట్నంలో కాలిన ఇంటికి ఒక తేదీ, ఒక చరిత్ర ఉంటాయి.

ఏటా ఏప్రిల్ 14న ఫైర్ స్టేషన్లలో అమరులను తలుచుకుంటారు. 1944లో అదే రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. మన ఏలూరు జిల్లాలో 2022 ఏప్రిల్ 13 రాత్రి, ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం కెమికల్ ఫ్యాక్టరీ మంటల్లో ఆరుగురు కార్మికులు పోయారు. వాళ్లలో నలుగురు బీహార్ నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. కనీసం వాళ్ల గురించి రాసిన కాగితం ఉంది.

మరి కొండ పక్క గూడెంలో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తాటాకిల్లు అంటుకుంటే? బిందెలతో మనమే ఆర్పుకుంటాం. కాలిన వడ్లు, రేషన్ కార్డు, పట్టా కాగితం, పిల్లల సర్టిఫికెట్లు ఎవరు లెక్క రాస్తారు? బండి రాని చోట ఆ రికార్డూ ఉండదు. మన నిప్పుల చరిత్ర అంతా ముసలోళ్ల నోట్లోనే ఉంది. వాళ్లతోపాటే పోతుంది.

అందుకే ఒక పని చేద్దాం. సెలవులకి వెళ్లినప్పుడు తాతల్ని, అవ్వల్ని అడగండి. ఏ ఏడు, ఏ నెల, ఎన్ని ఇళ్లు కాలాయి, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చారు, ఎవరైనా వచ్చారా. నోట్‌బుక్కులో రాయండి. 101కి ఫోన్ చేస్తే బండి మన గూడెం దాకా రాగలదా, రోడ్డు, కల్వర్టు ఆపుతాయా, అదీ రాయండి. రేపు గ్రామసభలో రోడ్డో, దగ్గర్లో ఫైర్ స్టేషనో అడగాలంటే ఆ నోట్‌బుక్కే మన చేతిలో ఉండే కాగితం.