రెండు గవాహీలు, ఒక లమ్హా

మా నానాజాన్ రాత్రిపూట షార్ట్‌వేవ్ రేడియోలో ఖబర్లు వినేవారు. ఆవాజ్ కంటే షోర్ ఎక్కువ. చెవి ఆనించి కూర్చుంటే ఒక్కోసారి లేని మాట కూడా నాకు వినిపించేది. జోసెఫ్ వెబర్ కథ చదివినప్పుడల్లా ఆ రేడియో యాదికొస్తుంది.

వెబర్ అమెరికాలో మేరీలాండ్ యూనివర్సిటీ ప్రొఫెసర్. 1916లో ఐన్‌స్టీన్ చెప్పిన గురుత్వ తరంగాలను పట్టాలని టన్నుకు పైగా బరువున్న అల్యూమినియం సిలిండర్లు వేలాడదీశాడు. ఒకటి మేరీలాండ్‌లో, ఇంకొకటి సుమారు 1000 కిలోమీటర్ల దూరాన షికాగో దగ్గర. నేల కాస్త అదిరినా ఒక సిలిండర్ కదులుతుంది. ఒకే లమ్హాలో రెండూ కదిలితేనే ఆలోచించాలి. అంటే ఇద్దరు గవాహ్‌లు కావాలి.

మరి ఇత్తెఫాక్‌గా రెండూ కలిసి కదిలితే? దానికీ ఆయన దగ్గర తర్కీబ్ ఉంది. ఒక రికార్డును కొంచెం వెనక్కి జరిపి, మళ్లీ పోల్చాలి. ఇప్పుడు కలిసేవన్నీ ఉత్త ఇత్తెఫాక్‌లే. అసలు లెక్క అంతకు మించితేనే దావా.

1969లో దావా చేశాడు. దునియాలో చాలామంది అలాంటి యంత్రాలు కట్టి చూశారు, ఏమీ దొరకలేదు. తర్వాత రోచెస్టర్ టీం డేటాతో తన డేటా కలిసిందన్నాడు. తీరా చూస్తే ఒకదాంట్లో గ్రీనిచ్ టైం, ఇంకోదాంట్లో అమెరికా టైం. నాలుగు గంటల తేడా! కలవడానికి వీల్లేని చోట కలిసిందన్నాడు. జూట్ ఆడాడని కాదు, ఉమ్మీద్ అలా వినిపిస్తుంది. 2000లో చనిపోయేదాకా తన మాట మీదే ఉన్నాడు.

2015 సెప్టెంబర్ 14న లైగో యంత్రాలకు 0.2 సెకన్ల కదలిక తగిలింది. ముందు లివింగ్‌స్టన్‌లో, సెకనులో వెయ్యింట ఏడు వంతుల తర్వాత 3000 కిలోమీటర్ల అవతల హాన్‌ఫర్డ్‌లో. తరంగం ఆకారం ముందుగా తెలియకుండానే వెతికే ప్రోగ్రామ్ మూడు నిమిషాల్లో దాన్ని పట్టుకుంది. అయినా ఎవరూ జల్దీ పడలేదు. 16 రోజుల డేటాను వెనక్కీ ముందుకూ జరిపి లెక్కేశారు, వెబర్ తర్కీబ్ ప్రకారమే. షోర్ ఒక్కటే అలా కలవడం 22,500 ఏళ్లకోసారి కన్నా అరుదని తేలింది. 2016 ఫిబ్రవరి 11న ఎలాన్ చేసినప్పుడు ముందు వరుసలో వెబర్ బేగం, ఖగోళ శాస్త్రవేత్త వర్జీనియా ట్రింబుల్ కూర్చుని ఉన్నారు.

నానాజాన్ రేడియో ఇప్పుడు లేదు. పిల్లలు ఫోన్‌లో ఏదో చూపించి "అబ్బా, ఇది సచ్!" అంటే, రెండో గవాహ్ ఎవరని అడుగుతుంటాను.