నింద చేసిన మేలు: నాస్ ‘స్టిల్‌మాటిక్’ కథ

ర్యాప్ అన్న మాట వినగానే మన సాహిత్యమిత్రులలో పలువురు నొసలు చిట్లిస్తారు. అది పాట కాదనీ, లయకు తగిలించిన తిట్ల దండకమనీ వారి భావన. ఆ భావనను మార్చే భారం ఈ టపా మీద వేయదలచుకోలేదు. తిట్లే ప్రధానంగా సాగిన ఒక వివాదంలో నుండి, దారి తప్పిన కవి ఒకడు తన గొంతును ఎలా తిరిగి సంపాదించుకున్నాడో చెప్పడమే నా ఉద్దేశం. కవులు ఒకరి శక్తిని మరొకరు నలుగురిలో ప్రశ్నించుకోవడం మనకు వింత కాదు. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ నడిచిన స్పర్ధలో అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోయిన సంగతి తెలిసినదే. న్యూయార్కులో 2001లో జరిగినది వేరు భాషలో, వేరు సమాజంలో పుట్టిన కలహం. అయినా కవిత్వాభిమానికి అందులో ఆలోచించవలసినది ఉంది.

నాస్ అసలు పేరు నాసిర్ జోన్స్. 1973లో జన్మించాడు. క్వీన్స్ ప్రాంతంలోని క్వీన్స్‌బ్రిడ్జ్ అనే పెద్ద ప్రభుత్వ గృహసముదాయంలో పెరిగాడు. తండ్రి ఒలూ డారా జాజ్ సంగీతకారుడు. తల్లి తపాలా శాఖలో ఉద్యోగిని. ఎనిమిదవ తరగతితో బడి మానివేసిన ఈ యువకుడు 1994 ఏప్రిల్‌లో ‘ఇల్‌మాటిక్’ అనే తొలి ఆల్బమ్ వెలువరించాడు. నలభై నిమిషాలకు మించని ఆ చిన్న సంపుటి తన వాడలోని మెట్లను, కిటికీలను, చెరసాలలో ఉన్న మిత్రులను కళ్ళకు కట్టింది. ఒక పాట చివర తండ్రి వాయించిన కార్నెట్ కూడా వినిపిస్తుంది. ‘ద సోర్స్’ పత్రిక తన అత్యున్నత గౌరవమైన ఐదు మైకులను దానికి ఇచ్చింది. ఇరవై ఏళ్ళ వాడికి అది కిరీటమూ అయింది, బరువూ అయింది.

తరువాతి కథ చాలామంది ప్రతిభావంతుల కథే. 1996లో వచ్చిన రెండవ ఆల్బమ్ బాగా అమ్ముడుపోయింది కాని, తొలినాటి అభిమానులకు అందులో మెరుగే ఎక్కువగా కనిపించింది. 1999లో రెండు భాగాలుగా తేదలచిన ఆల్బమ్‌లోని పాటలు విడుదలకు ముందే ఇంటర్నెట్టులోకి పొక్కిపోయాయి. వాటిలో కొన్నిటిని పక్కన పెట్టి, కొత్తవి చేర్చి, ఒక్క సంపుటంగానే దానిని విడుదల చేయవలసి వచ్చింది. అదే ఏడాది నవంబరులో హడావుడిగా వచ్చిన ‘నాస్ట్రడామస్’ను విమర్శకులు మెచ్చలేదు. గొంతు అదే, నేర్పు అదే. చెప్పవలసిన అగత్యం మాత్రం కనబడలేదు.

ఈ లోగా బ్రూక్లిన్‌లోని మార్సీ గృహసముదాయం నుండి జే-జీ అనే షాన్ కార్టర్ ఎదిగి వచ్చాడు. అతడు నాస్ కన్నా నాలుగేళ్ళు పెద్ద, కాని ఆల్బమ్ మాత్రం రెండేళ్ళు వెనుకగా, 1996లో తెచ్చాడు. అందులోని ‘డెడ్ ప్రెసిడెంట్స్’ పాటకు పల్లవి నాస్ గొంతే. ‘ఇల్‌మాటిక్’ పాటలోని ముక్కను కత్తిరించి వాడుకున్నారు. 1997 మార్చిలో నటోరియస్ బి.ఐ.జి. లాస్ ఏంజెలెస్‌లో హత్యకు గురైన తరువాత న్యూయార్క్ ర్యాప్ సింహాసనం ఖాళీ అయింది. దాని మీద కూర్చునేది ఎవరన్న ప్రశ్నే ఈ కలహానికి మూలం.

2001 జూన్ 28న హాట్ 97 రేడియో వారి ‘సమ్మర్ జామ్’ కచేరీలో జే-జీ ‘టేకోవర్’ అనే కొత్త పాటలో తొలి చరణం వినిపించాడు. ప్రాడిజీ అనే ర్యాపర్ చిన్ననాడు నాట్యవేషంలో ఉన్న ఫోటోను పెద్ద తెర మీద చూపి ఎగతాళి చేశాడు. చరణం చివర నాస్‌కు ఒక్క వాక్యంలో సవాలు విసిరాడు. నాస్ ఆ వేసవిలోనే ఒక చిన్న పాటతో బదులిచ్చాడు. సెప్టెంబరు 11న, సరిగ్గా ఆ దుర్దినాననే, విడుదలైన ‘ద బ్లూప్రింట్’ ఆల్బమ్‌లో ‘టేకోవర్’ పూర్తి రూపం వెలువడింది. నాస్ కోసం అందులో ఒక చరణం మొత్తం కేటాయించబడింది.

ఆ చరణాన్ని నేను పలుమార్లు విన్నాను. అది తిట్టు కన్నా విమర్శకు దగ్గర. నాస్ ఆల్బమ్‌లను ఒక్కొక్కటిగా లెక్కకట్టి, ఇన్నేళ్ళలో మేలైనది ఒక్కటే అని తేల్చాడు జే-జీ. లెక్కలో అతిశయోక్తి ఉంది. అయితే దాని బలం అబద్ధంలో కాక, అందులోని నిజం పాలులో ఉంది. అభిమానులు తమలో తాము గొణుక్కుంటున్న మాటనే ప్రత్యర్థి అందరికీ వినిపించేలా అన్నాడు. ఉత్త దూషణ అయితే నవ్వి ఊరుకోవచ్చు. నిజం కలిసిన నిందకు జవాబు మాటల్లో ఉండదు, పనిలోనే ఉంటుంది.

2001 డిసెంబరులో వచ్చిన ‘స్టిల్‌మాటిక్’ ఆ జవాబు. పేరులోనే తొలి ఆల్బమ్‌ను స్మరించి, తాను ఇంకా అక్కడే నిలిచి ఉన్నానని చాటుకున్నాడు నాస్. అందులోని ‘ఈథర్’ పాట జే-జీకి సూటి సమాధానం. అంతగా పేరు లేని రాన్ బ్రౌజ్ దానికి బాణీ కట్టాడు. 1996లో హత్యకు గురైన టూపాక్ గొంతును పాట మొదట్లో వినిపించడం దానికి ఒక భయానకమైన ఛాయ నిచ్చింది. భూతాలు ఈథర్ వాసనకు తాళలేవని ఎక్కడో విన్న మాటే ఆ పేరుకు ఆధారమని నాస్ తరువాత చెప్పాడు. జే-జీ ఇతరుల పంక్తులు అరువు తెచ్చుకుంటాడనీ, ‘ద బ్లూప్రింట్’లో అతనితో కలిసి పాడిన ఎమినెమ్ అతని ఆల్బమ్‌లోనే అతన్ని మించిపోయాడనీ దెప్పాడు. ఈ పాట ఎంతగా వ్యాపించిందంటే, పాటతో ప్రత్యర్థిని చిత్తు చేయడానికి అమెరికా యువత ‘ఈథర్’ అన్న మాటనే క్రియగా వాడసాగింది.

అయినా, నాస్‌ను నిలబెట్టినది ‘ఈథర్’ అన్న ప్రసిద్ధాభిప్రాయంతో నేను ఏకీభవించలేను. ఆ పాటలో ఆవేశం ఎంత ఉందో చౌకబారుతనమూ అంత ఉంది. ఎదుటివాని రూపాన్ని వెక్కిరించడం, స్వలింగ సంపర్కులను కించపరచే మాటలను ఆయుధాలుగా వాడడం నేడు వింటే ముళ్ళవలె గుచ్చుకుంటాయి. వాదబలం రీత్యా ‘టేకోవర్’దే పైచేయి అనుకుంటాను. నాస్ నిజంగా గెలిచినది జే-జీ ప్రస్తావనే లేని పాటలలో.

‘వన్ మైక్’ వినండి. గుసగుసగా మొదలై, చరణం సాగినకొద్దీ పెరిగి కేక అవుతుంది, మళ్ళీ అణగుతుంది. చివరి చరణం దీనికి తలకిందులు: కేకతో మొదలై గుసగుసలోకి దిగుతుంది. కోపానికి ఉండే ఉచ్ఛ్వాస నిశ్వాసాలు గొంతు స్థాయిలోనే తెలుస్తాయి. ‘రివైండ్’ అనే పాట ఒక హత్యాకథను చివరి నుండి మొదటికి చెబుతుంది. తూటా దేహం వదలి తుపాకిలోకి తిరిగి వెళుతుంది. డీజే ప్రీమియర్ బాణీ కట్టిన ‘సెకండ్ చైల్డ్‌హుడ్’లో వయసు వచ్చినా ఎదగని వాడ మనుషులు కనిపిస్తారు. ‘ఇల్‌మాటిక్’లో కిటికీ నుండి వీధిని చూసిన కుర్రవాడే ముప్పయ్యవ పడికి చేరువై, అదే వీధిని మళ్ళీ చూస్తున్నాడు. చూపు తిరిగి వచ్చింది. పునరాగమనమంటే నా దృష్టిలో అదే. జే-జీ నింద అతన్ని నిద్ర లేపింది. లేచిన తరువాత చేసిన పని మాత్రం నాస్ సొంతం. ‘ద సోర్స్’ రెండవసారి ఐదు మైకులు ఇచ్చింది. ఆ ఏడాది ‘ద బ్లూప్రింట్’కూ అదే గౌరవం దక్కింది.

కలహం అక్కడితో ఆగివుంటే అందంగా ఉండేది, కాని ఆగలేదు. జే-జీ వెంటనే ‘సూపర్ అగ్లీ’ అనే పాటను రేడియోకు ఇచ్చాడు. అందులో కవిత్వం వదలి, నాస్ కుమార్తెకు తల్లి అయిన స్త్రీని గూర్చి వాడరాని మాటలు వాడాడు. దానిని ఆపినది విమర్శకులు కారు, అభిమానులూ కారు. జే-జీ తల్లి గ్లోరియా కార్టర్ ఆ పాట విని, హద్దు దాటావని కొడుకును మందలించింది. అతడు రేడియోలో క్షమాపణ చెప్పుకున్నాడు. కవిసమరంలో మూడవ మనిషి మానానికి రక్షణ ఎక్కడన్న ప్రశ్నకు ఒక తల్లి ఇచ్చిన తీర్పు అది. మరుసటి ఏడు, 2002లో, క్యాన్సర్‌తో బాధపడుతున్న నాస్ తల్లి కన్నుమూసింది. ఆ ఏడాది చివర వచ్చిన అతని ఆల్బమ్‌లో ఆమె కోసం ‘డాన్స్’ అనే పాట ఉంది. రెండేళ్ళ ఈ కథలో ఇద్దరు తల్లుల నీడ పడడం నన్ను కదిలిస్తుంది.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. టూపాక్, నటోరియస్ బి.ఐ.జి. కలహం ముగిసేలోగా ఇద్దరూ నేలకొరిగారు. ఆ నెత్తురు ఆరి అప్పటికి అయిదేళ్ళు కూడా కాలేదు. కనుక నాస్, జే-జీ రేపిన పోరు నిప్పుతో చెలగాటమే. వీరి తగవు పాట దాటి తుపాకి దాకా పోలేదు. 2005 అక్టోబరు 27న న్యూజెర్సీలో ‘యుద్ధం ప్రకటిస్తున్నాను’ అన్న అర్థం వచ్చే పేరుతో జరిపిన కచేరీలో జే-జీ నాస్‌ను వేదిక మీదికి పిలిచాడు. శత్రుత్వం అక్కడ ముగిసింది. మరుసటి ఏడు నాస్, జే-జీ అధ్యక్షుడుగా ఉన్న డెఫ్ జామ్ సంస్థలోనే చేరాడు. ఇద్దరూ కలిసి ఒక పాట కూడా పాడారు. అమెరికా గ్రంథాలయ కాంగ్రెస్ తన ధ్వనిముద్రణల జాబితాలో ‘ద బ్లూప్రింట్’ను 2019లోను, ‘ఇల్‌మాటిక్’ను 2021లోను చేర్చుకుంది. నాస్‌కు మొదటి గ్రామీ పురస్కారం ఆ 2021లోనే, నలభై ఏడేళ్ళ వయసులో దక్కింది.

ఎవరు గెలిచారన్న వాదం హిప్‌హాప్ అభిమానుల మధ్య ఇప్పటికీ తెగలేదు, తెగకపోవడమే మంచిది. నాకు మిగిలిన ఎరుక ఒక్కటే. నీ పని అయిపోయిందని లోకం ఎదుట చెప్పే ప్రత్యర్థి దొరకడం కవికి అవమానమూ కావచ్చు, అదృష్టమూ కావచ్చు. ఆ మాటకు తిట్టుతో బదులిస్తే అది ఒక వేసవి మాత్రమే మోగుతుంది. ఆ మాటలోని నిజాన్ని మింగి, మళ్ళీ తన కిటికీ దగ్గరకు వెళ్ళి కూర్చున్నవాడికి ‘వన్ మైక్’ వంటి పాట దొరుకుతుంది.