ఔరంగాబాదు పన్‌చక్కీ: కొండనీటితో తిరిగే తిరగలి

ఆవిరి యంత్రాలు, విద్యుత్తు రాకముందే దక్కనులో నీటి బలంతో ధాన్యం విసిరిన మర పన్‌చక్కీ. మహారాష్ట్రలోని ఔరంగాబాదులో ఖామ్ నది ఒడ్డున, సూఫీ గురువు బాబా షా ముసాఫిర్ దర్గా ఆవరణలో ఇది ఉన్నది. ఈ నగరం పేరు 2023లో ఛత్రపతి సంభాజీనగర్‌గా మారింది. 1763 వరకు అసఫ్ జాహీలకు రాజధానిగా, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉన్నందున తెలుగువారికి ఈ ఊరు పరాయిది కాదు.

హిందుస్తానీలో పానీ అంటే నీరు, చక్కీ అంటే తిరగలి. ఇంగ్లండు పల్లెల్లోని నీటి మరలు ఎక్కువగా పక్కనే పారే ఏటి మీద ఆధారపడతాయి. పన్‌చక్కీకి మాత్రం చెంతనే నది ఉన్నా నీరు ఊరి వెలుపలి కొండల వైపు నుంచి, కిలోమీటర్ల కొద్దీ నేల అడుగున సాగే కాలువ ద్వారా వస్తుంది. ఇటువంటి కాలువను నహర్ అంటారు. ఖడ్కీ పేరుతో ఈ నగరాన్ని స్థాపించిన నిజాంషాహీ మంత్రి మాలిక్ అంబర్ (మరణం 1626) ఇక్కడ నహర్లకు శ్రీకారం చుట్టాడు. పన్‌చక్కీ నహర్ ఆ తరువాతిది.

దీని పనితీరులో అసలు నేర్పు మట్టి గొట్టాలలో ఉన్నది. మూలం ఎత్తున ఉన్నందున, మూసిన గొట్టంలో దిగివచ్చిన నీరు ఆవరణలోని గోడలోపల మళ్లీ పైకెక్కి, అక్కడి నుంచి జలపాతంలా కొలనులో పడుతుంది. ఇందుకు ఏ పంపూ అక్కరలేదు. అదే నీటి ఒరవడికి రెక్కల చక్రం తిరుగుతుంది. దాని ఇరుసు పై రాతిని తిప్పుతుంది, కింది రాయి కదలదు. ఇలా విసిరిన పిండి దర్గాను ఆశ్రయించిన ఫకీర్లకు, యాత్రికులకు, బీదలకు అన్నమయ్యేది. నిజామ్-ఉల్-ముల్క్ కొలువులోని తుర్క్‌తాజ్ ఖాన్ ఈ నిర్మాణానికి పూనుకొన్నాడు.

కొలను అడుగే కింది విశాలమైన మందిరానికి పైకప్పు. మండువేసవిలోనూ లోపల చల్లగా ఉండడానికి కారణం అదే.

నేడు తిరగలి సందర్శకుల కోసమే తిరుగుతున్నది. అయితే దాని ప్రాణమంతా కంటికి కనిపించని నహర్‌లో ఉన్నది. పైన పునాదులు తవ్వి గొట్టాన్ని పగలగొట్టినా, బోరుబావుల వల్ల మూలంలో ఊట తగ్గినా రాయి ఆగిపోతుంది. ఆవరణను ఎంత శ్రద్ధగా కాపాడినా, నగరం కింద దాగిన ఆ దారి రక్షణ పొందకపోతే మిగిలేది తిరగని తిరగలే.