విశాఖపట్నపు దంతపు పెట్టెలు

మన ఇండ్లలో బట్టలూ పుస్తకాలూ దాచుకొనే బీరువా అనాదిగా మనదేనని చాలామంది అనుకొంటారు. నిజానికి ఆ మాట యూరపు నుంచి వచ్చినది. ఫ్రెంచివారి 'బ్యూరో' దానికి మూలం. బ్యూరో అంటే మొదట బల్లమీద పరచే ముతక ఉన్నిగుడ్డ. తరువాత అది బల్లకే పేరయింది. చివరకు సొరుగుల సామానుకు కూడా వర్తించింది. మన పూర్వులు వస్తువులు దాచుకొన్నది భోషాణాలలోను, కావడి పెట్టెలలోను, గోడ గూళ్లలోను. సొరుగులతో నిలువుగా నిలిచే పెట్టె పరదేశీయుల అలవాటు. అయితే అటువంటి పెట్టెలను పరదేశీయులకే చేసిపెట్టి, వారి రాజభవనాల వరకు పంపిన ఊరొకటి మన తీరాన ఉన్నది. అదే విశాఖపట్నం.

రేవు, పనివారు

ఈస్టిండియా కంపెనీవారు 1682లో ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పారు. సమీపంలోని భీమునిపట్నంలో డచ్చివారు అంతకుముందే స్థిరపడి ఉన్నారు. వీరంతా వచ్చినది ముఖ్యంగా అద్దకపు బట్టల కోసం. నేటి ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఆ రోజులలో ఓడలు దూరాన లంగరు వేసేవి, సరకు పడవలలో ఒడ్డు చేరేది. ఈ సరకులలో బర్మాలోని పెగూ నుంచి వచ్చే టేకు కూడా ఉండేది. దంతం, కొయ్య, నేర్పరులైన పనివారు, కొనగల దొరలు, ఈ నాలుగూ ఒకచోట కలిసినందువల్ల ఒక కొత్త పరిశ్రమ పుట్టింది. ఇందులో కంసాలులు ప్రముఖులు. అద్దకపు బట్టలమీది పూలతీగలే పెట్టెల అంచులమీదికి ఎక్కాయి.

1756లో ఈ ఊరు చూచిన జాన్ కార్నెయిల్ అనే సైనికాధికారి ఇక్కడి పొదుగుపనిని ప్రత్యేకంగా మెచ్చుకొన్నాడు. మరుసటి ఏడు ఫ్రెంచి సేనాని బుస్సీ పట్టణాన్ని పట్టుకొన్నాడు. 1758లో విజయనగర ప్రభువు ఆనందగజపతి దానిని ఫ్రెంచివారినుంచి తీసుకొని ఇంగ్లీషువారికి అప్పగించాడు. కోటమీద జెండాలు మారినా ఉలి ఆగలేదు.

రెండు పద్ధతులు

మొదటి పద్ధతి పొదుగుపని. జిట్రేగి వంటి నల్లని గట్టి కొయ్యలో పూవు ఆకారంగా గుంట తవ్వి, అదే ఆకారంలో కోసిన దంతపు ముక్కను అందులో బిగించేవారు. ఆపైన దంతంమీద సన్నని గీతలు చెక్కి, వాటిని నల్లని లక్కతో నింపేవారు. లక్క ఒక చిన్న కీటకం స్రవించే జిగురు పదార్థం. వేడిచేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, నీటిలో కరగదు. కనుక కరిగిన లక్క గీత అడుగువరకు పోయి గట్టిగా పట్టుకొంటుంది. పైన మిగిలిన దానిని గీకి నునుపు చేస్తే తెల్లని నేలమీద నల్లని గీత మాత్రమే నిలుస్తుంది. రెండువందల యేండ్లు దాటినా ఆ గీతలు చెదరకుండా ఉండటానికి కారణం ఇదే.

పద్దెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో రెండవ పద్ధతి ప్రబలింది. ఇందులో కొయ్య పైకి కనబడదు. పెట్టె అంతటినీ పలుచని దంతపు పలకలతో కప్పి, జిగురుతోను, చిన్న చీలలతోను బిగిస్తారు. వాటిమీద యూరపు అచ్చుబొమ్మలు చూచి మేడలు, స్తంభాలు, ఉద్యానవనాలు చెక్కేవారు. తాము ఎన్నడూ చూడని భవనాలను కాగితంమీది బొమ్మనుబట్టి దంతంమీద నిలిపారు. 1773 నుంచి 1775 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ వించ్ ఇటువంటి దంతపు సామాను కొన్నాడు. ఆయన ఆస్తిని 1781లో వేలం వేసినప్పుడు మూడవ జార్జి రాజు దానిలోని కుర్చీలు మొదలైనవాటిని షార్లెట్ రాణి కోసం తీసుకొన్నాడు. అవి నేటికీ బ్రిటిష్ రాజవంశపు సేకరణలో ఉన్నాయి.

కొయ్య కదులుతుంది

ఇంత నేర్పుతో చేసిన పెట్టెలు కొన్ని లండను చేరిన తరువాత బీటలు వారాయి. లోపం పనివానిది కాదు, గాలిది. కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, పొడిగాలిలో తేమ కోల్పోయి కుంచించుకుపోతుంది. ఈ మార్పు అన్ని దిశలలో ఒకటి కాదు. పోగు పొడవునా దాదాపు ఏమీ ఉండదు; పోగుకు అడ్డంగానే ఎక్కువ. విశాఖ సముద్రపుగాలిలో తయారైన పెట్టె, చలికాలంలో నిప్పుగూటితో వెచ్చబరచిన గదిలో పడితే, 45 సెంటీమీటర్ల వెడల్పుగల పలక ఒక్క శాతం కుంచించినా నాలుగున్నర మిల్లీమీటర్లు తగ్గుతుంది. పైనున్న దంతం ఆ లెక్కన తగ్గదు. దాని కొలత వేరు, పోగు దిశ వేరు. రెండూ చెరొకవైపు లాగగా అతుకు విడుతుంది, పలక పగులుతుంది. టేకు తక్కువగా కదిలే కొయ్య గనుక పెట్టె లోపలి చట్రానికి అది మేలు. అటువంటి సామాను ఇంట ఉన్నవారు దానిని ఎండకు, పొయ్యికి దూరంగా ఉంచవలెననటం ఇందుకే.

దంతమా, ఎముకా?

దంతం ఏనుగు ముందుపన్నే. అందులో మూడింట రెండు వంతులు కాల్షియం, ఫాస్ఫరస్ కలిగిన ఖనిజం. తక్కినది కొల్లాజెన్ అనే మాంసకృత్తు, కొంత తేమ. ఎముకలోనూ ఇటువంటి పదార్థాలే ఉంటాయి. అయితే ఎముకలో రక్తనాళాలు పోయే సన్నని గొట్టాలు ఉంటాయి. భూతద్దంతో చూస్తే అవి నల్లని చుక్కలుగానో గీతలుగానో కనబడతాయి. ఏనుగు దంతంలో అవి ఉండవు. దానిని అడ్డంగా కోస్తే ఒకదానినొకటి ఖండించే వంపు గీతల అల్లిక కనబడుతుంది. అచ్చులో పోసిన ప్లాస్టిక్కులో ఈ సహజమైన అల్లిక ఉండదు. వస్తువును పాడుచేయకుండా కంటితోనే చేయదగిన పరీక్ష ఇది.

పరిశ్రమ వెల

పందొమ్మిదవ శతాబ్దిలో పెద్ద సామాను తగ్గి, మంచిగంధపు చెక్కపై దంతం, కొమ్ము, తాబేటిచిప్ప, ఏదుముల్లు అమర్చిన చిన్న పెట్టెలు పెరిగాయి. కుట్టుపనిముట్లకూ ఉత్తరాలకూ అరలున్న ఆ పెట్టెలను దొరసానులు ఇష్టపడ్డారు.

ఈ అందానికి ఒక వెల ఉన్నది. దంతం వేరు భాగం, సుమారు మూడవ వంతు, ఏనుగు పుర్రెలోనే ఉంటుంది. దానిని పూర్తిగా తీయాలంటే ఏనుగు చావాలి. ఆసియా ఏనుగులలో బయటకు కనబడే దంతాలు మగవాటికే, అదీ అన్నింటికీ కాదు. కనుక వేట మగ ఏనుగులమీదనే పడి మందలో సమతుల్యం చెడింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1986లో సవరించి మన ఏనుగుల దంతపు వ్యాపారాన్ని, 1991లో ఆఫ్రికా దంతపు వ్యాపారాన్ని కూడా మన దేశంలో నిషేధించారు. బ్రిటన్ 2018లో చేసిన చట్టం అక్కడి పాత వస్తువుల విక్రయాన్ని కూడా చాలావరకు కట్టడిచేసింది. కాబట్టి ఇవి నేడు కొనవలసినవి కావు, చూచి నేర్చుకొనవలసినవి.

లండనులోని విక్టోరియా, ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ సామాను భద్రంగా ఉన్నది. ఇటువంటి పెట్టెలను కొన్న గవర్నర్ల పేర్లు, వేలం జరిగిన సంవత్సరాలు కాగితాలలో దొరుకుతున్నాయి. గీత గీసిన పనివాని పేరు మాత్రం చాలా పెట్టెలమీద లేదు. ఏ లక్క ఎంత వేడికి మెత్తబడుతుందో, ఏ కొయ్య తక్కువ కదులుతుందో అతనికి తెలుసు. ఆ తెలివికి అతడు శాస్త్రమని పేరు పెట్టలేదు, అంతే.