బీడీ కార్డు, పదో తరగతి మెమో

మా ఎల్లారెడ్డికి దగ్గర్లోనే నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట నీళ్లు బాన్సువాడ, బోధన్ దిక్కు పారాయి. అక్కడ వరి, చెరుకు పెరిగాయి, 1937లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. కామారెడ్డి, దోమకొండ, మాచారెడ్డి మెట్ట ఊళ్లకు చెరువూ బావే దిక్కు, ఆ తర్వాత బోరు. కాలం కాని ఏడు ఇల్లు గడవడానికి ఆడవాళ్లు బీడీ చాట పట్టారు, మగవాళ్లు గల్ఫ్ బాట పట్టారు.

మా అమ్మ బీడీలు చుట్టింది. తడిపిన తునికాకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి. కూలి లెక్క వెయ్యికే. ఆడపిల్లలు అమ్మ పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నారు. చేయి తిరిగిన పిల్ల ఇంటికి ఆదాయం, అందుకే బడి మాన్పించేవాళ్లు. నేను పంతులునయ్యాక ఎన్నో ఇళ్ల గడప తొక్కి బతిమాలాను. సంబంధం మాట్లాడేటప్పుడు “పిల్లకు బీడీలు వస్తయా, పీఎఫ్ ఉన్నదా” అని అడిగేవాళ్లు. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు ఇచ్చిన జీవన భృతికి కూడా 2014 ఫిబ్రవరి 28కి ముందున్న పీఎఫ్ నంబరే ఆధారమైంది.

మగవాళ్ల బతుకును పదో తరగతి మెమో తేల్చింది. 1983 వలసల చట్టం కింద, నేటికీ పది పాసు కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (వలస అనుమతి అవసరం) కిందికే వస్తుంది. వాళ్లు పని కోసం గల్ఫ్‌కు పోవాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. హెల్పర్‌గా పోయినవాడు అక్కడ చూసి చూసి కరెంటు పనో, టైల్స్ పనో నేర్చుకుంటాడు. చేతిలో కాగితం లేదు కనుక మళ్లీ హెల్పర్ వీసాయే. 2011 లెక్కల్లో ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు 1040 మంది ఆడవాళ్లు. ఆ అంకెలో మా వలసల పాలు తక్కువేమీ కాదు.

మా వాళ్లకు పని రాక కాదు, వచ్చిన పనిని ఎవరూ విద్యగా రాసివ్వకపోవడం వల్లే కూలి పెరగలేదు. వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. ఇక చదువుకైతే కామారెడ్డిలోనే డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది, ఊరూరా పాడి ఉంది. బీడీ చుట్టే తల్లి బిడ్డ ఆ కళాశాల దాకా చదవాలి. గల్ఫ్ నుంచి వచ్చిన మేస్త్రీకి అతని పనికి తగ్గ పట్టా మన మండలంలోనే చేతికందాలి. ఈ రెండూ మా తరం అడగాల్సినవి, మీ తరం సాధించాల్సినవి.