ఊల్డియా చెలమ

వేసవిలో ఏరు ఎండినప్పుడు మీరు ఇసుకలో చెలమ త్రవ్వి నీళ్లు తోడుకొని యుందురు. అట్టి చెలమ యొకటి గొప్ప రైలుదారికి ఆధారమై, ఆ రైలుదారివలననే పాడైపోయిన వృత్తాంతమును వినుడి.

ఆస్ట్రేలియా దేశపు దక్షిణభాగమున నల్లర్బోరు అను చెట్టులేని మైదానము గలదు. దాని తూర్పు అంచున, ఇసుకతిన్నెల నడుమ, ఊల్డియా అను చిన్న రైల్వే స్టేషను వెలసెను. తూర్పున పోర్టు అగస్టానుండియు, పడమట కల్గూర్లీనుండియు పరచుకొనుచు వచ్చిన పట్టాలు 1917 అక్టోబరు 17వ తేదీన అచ్చటనే కలిసెను. 1,600 కిలోమీటర్లకు మించిన ఆ దారిలో ఎల్లప్పుడు పారెడి యేరు ఒక్కటియు లేదు.

అయితే స్టేషనుకు ఉత్తరముగా కొన్ని మైళ్ల దూరమున ఇసుకలో ఒక చెలమ యుండెను. అడుగున నున్న బంకమట్టి పొర పళ్లెమువలె వాననీటిని పట్టి యుంచెను. తరతరములుగా ఆదిమవాసులు ఆ నీటిని నమ్ముకొని బ్రదికిరి. కరవు కాలమున దూరపు తెగలవారును అచ్చట కూడి, త్రాగి, వస్తువులు మార్చుకొని, తమ ఆచారములు జరుపుకొని పోవుచుండిరి. 1875లో ఎడారి దాటబోవుచు ఎర్నెస్టు గైల్సు అను అన్వేషకుడు తన ఒంటెలతో అచ్చటనే విడిసెను.

ఆవిరి యింజనుకు బొగ్గుతోపాటు మంచినీరు కావలెను. ఆ మైదానమున బోర్లలో పడిన ఉప్పునీరు బాయిలర్లను తినివేయుచుండెను. కాబట్టి రైల్వేవారు చెలమయొద్ద బావులు త్రవ్వి, పంపులతో నీటిని స్టేషనుకు తోడిరి. ఇంకను కావలెనని లోతుగా దింపగా బంకమట్టి పొరకు చిల్లులు పడెను. క్రిందనున్న ఉప్పునీరు పైకి వచ్చెను. 1926లో రైల్వేవారు ఆ నీటిని విడిచిపెట్టిరి. 1951లో డీజిలు ఇంజనులు వచ్చెను. పాతికేండ్లలో రైలుకు ఆ నీటి అక్కరయే తీరిపోయెను. చెలమ మాత్రము మునుపటివలె కాలేదు.

1933లో ఒక క్రైస్తవ మిషను అచ్చట నెలకొని సువార్త ప్రకటించెను. 1952లో దానిలోని విభేదములవలన అకస్మాత్తుగా మూతబడగా, ప్రజలు తమ భూమి విడిచి దక్షిణముననున్న యలాటాకు తరలింపబడిరి. 1956 మొదలు 1963 వరకు సమీపమున మారలింగలో బ్రిటిషువారు అణ్వాయుధ పరీక్షలు జరిపిరి. 1984లో మాత్రమే ఆ ప్రాంతపు విశాలభూమి చట్టముద్వారా మారలింగ ట్జరుట్జ ప్రజలకు తిరిగి లభించెను.

సోదరీ సోదరులారా, సుఖారు బావియొద్ద మన ప్రభువును జ్ఞాపకము చేసికొనుడి. సమస్త జలములను కలుగజేసినవాడు అలసి కూర్చుండి, ఒక స్త్రీని నీళ్లడిగెను. ఆయన అడిగెను! ఊల్డియాలో రైలువారు అడుగలేదు. ఆయన నామము ధరించినవారును తరలించునప్పుడు అడుగలేదు.

మన సంగతి యేమి? పొరుగువాని బావి ఎండునని యెరిగియు మన పొలములో బోరు ఇంకను లోతుగా దింపుచున్నామా? సంఘములో మన తగవులకు బీదలు ఇల్లు విడువవలసి వచ్చుచున్నదా? ఈ రాత్రి మోకరించునప్పుడు, మనము అడుగక పుచ్చుకొనినది ఏదైన నున్నదేమో ప్రభువు సన్నిధిని వెదకుకొందము. ఉన్నయెడల, తెల్లవారగానే ఆ పొరుగువాని గడపకు పోదము.