ఒకే మూలప్రతి, రెండు పఠనరూపాలు: టెక్సిన్ఫో చరిత్ర – ఒక పరిశీలన

సాంకేతిక వివరణగ్రంథాన్ని నేటి పాఠకుడు అచ్చుపుస్తకంలోనూ చదువుతాడు, కంప్యూటర్ తెరమీదా చదువుతాడు. రెండింటికీ వేర్వేరు ప్రతులు రాసుకుంటే ఒకదానిలో చేసిన సవరణ మరొకదానికి చేరదు; క్రమంగా పాఠభేదాలు ఏర్పడతాయి. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. ఒకే మూలప్రతి నుంచి రెండు రూపాలనూ సాధించిన టెక్సిన్ఫో చరిత్రను పరిశీలించి, మన ఉల్లేఖన పద్ధతికి అది సూచించే విషయాన్ని గుర్తించడం ఈ వ్యాసోద్దేశం.

1970ల దశకంలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ రీడ్ స్క్రైబ్ అనే వ్యవస్థను రూపొందించారు. అక్షరం పరిమాణమెంత, ఖాళీ ఎంత అనేవాటికంటే ఇది అధ్యాయం, ఇది ఉదాహరణ అని రచనాంగాలను పేర్కొనడానికే అందులో ప్రాధాన్యం. ఎం.ఐ.టి.లో బోలియో అనే మరో పద్ధతి వచ్చింది. డొనాల్డ్ నూత్ నిర్మించిన టెక్ అక్షరకూర్పు వ్యవస్థ ఆధారంగా అది బోటెక్‌గా మారింది. బోటెక్ అచ్చుకు మాత్రమే పనికివచ్చేది. ఈ రెండింటిమీదా పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్, తెరమీద చదివే ఇన్ఫో రూపాన్ని కల్పించి, 1980ల దశకంలో దానిని బోటెక్‌తో సమన్వయించి టెక్సిన్ఫోను సృష్టించారు. దాని వివరణగ్రంథాన్ని తర్వాత రాబర్ట్ చాసెల్ విస్తరించారు.

రెండు రూపాల మధ్య ప్రధాన భేదం పుట విషయంలో కనిపిస్తుంది. అచ్చులో ‘ఫలానా పుట చూడండి’ అంటే చాలు. తెరమీద పుట లేదు. అందువల్ల టెక్సిన్ఫోలో రచయిత పుటసంఖ్య రాయడు. ప్రతి ప్రకరణానికీ ఒక పేరుపెట్టి, ఆ పేరునే ఉల్లేఖిస్తాడు. అచ్చులో ఆ ఉల్లేఖనం ప్రకరణ, పుట సంఖ్యలుగా, తెరమీద నేరుగా అక్కడికి చేర్చే లంకెగా రూపొందుతుంది. దీని ప్రభావం రచనాశైలిమీదా ఉంది. తెరమీది పాఠకుడు ముందరి భాగం చదవకుండానే మధ్యలో ప్రవేశించవచ్చు. ‘పైన చెప్పినట్లు’ అన్న మాట అతనికి ఉపకరించదు. ప్రతి ప్రకరణం తన విషయాన్ని తానే పరిచయం చేయాలి. అయినా వరుసగా చదివే అచ్చు పాఠకుడికి పునరుక్తి అనిపించకూడదు.

తెలుగు కావ్యాల విషయంలో ఇటువంటి పద్ధతి మనకు ఉన్నదే. ఆంధ్రమహాభారత పద్యానికి పర్వ, ఆశ్వాస, పద్య సంఖ్యలు చెబితే, స్వల్పభేదాలున్నా, ఏ ముద్రణలోనైనా దానిని గుర్తించవచ్చు. వచన విమర్శగ్రంథాలకు మాత్రం సాధారణంగా పుటసంఖ్యే ఆధారం. పునర్ముద్రణలో పుటలు మారినా, పుటవిభజన లేని అంతర్జాల ప్రతి వచ్చినా ఆ ఆధారం తెగిపోతుంది. పరిశోధనగ్రంథాల్లో ప్రకరణాలకూ పేరాలకూ సంఖ్యలిచ్చి, పుటసంఖ్యతోపాటు వాటినీ పేర్కొనడం అవసరం. తర్వాతి పరిశోధకుడు సరిచూడలేని ఉల్లేఖనం ప్రమాణంగా నిలవదు.